ఆపన్నులకై పురజనుల కూటములు

విద్యార్థులారా! "పౌరుడు" అను మాటను మనము ప్రతిదినము వాడుచున్నాము. ఆ మాట "పురము" అను శబ్దమునుండి పుట్టినది. పురమునందు వసించువాడు పౌరుడు. కాలక్రమమున నీ మాట పట్టణవాసికే గాక, దేశమునందు హక్కులును బాధ్యతలును గల ప్రతి మనుష్యునికిని వర్తించుచు వచ్చినది. పట్టణవాసి తాను విత్తడు, తాను కోయడు. ఎవరో దున్నిన పొలమునుండి వచ్చిన గింజలతో వాని పొయ్యి వెలుగుచున్నది. కావున పల్లె ఆపదలో పడినపుడు పట్టణమునకు తీర్చవలసిన ఋణ మొకటి గలదు. ఆ ఋణమును తీర్చుటకై పలునగరములవారు, పలుదేశములవారు, ఎవరి నిర్బంధమును లేక కూడి పనిచేయు పద్ధతి యెట్లు పుట్టినది? అట్టి కూటమి మన నెల్లూరు సీమకు ఎప్పుడు అక్కఱకు వచ్చినది? అది ఎంత మేలు చేసినది? ఎచ్చట చాలకపోయినది? ఈ సంగతులను ఈ పాఠమునందు విచారింతము.

మన చిల్లకూరు గూడూరునకు చేరువను, చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రాజమార్గముమీద నున్న గ్రామము. ఇచ్చటినుండి తూర్పుగా పోయినకొలదిని ఇసుకనేలలును, ఉప్పు భూములును, బకింగుహాము కాలువయు, దాని కావల సముద్రమును కనబడును. వానలు తప్పినచో కఱవు, వానలు గాలితో కలిసి మితిమీరినచో తుపాను. ఈ రెంటి నడుమ బ్రదుకు సీమ మనది. కావున ఆపదయు, ఆపదలో వచ్చు సాయమును మనకు గ్రంథములలోని సంగతులు మాత్రమే కావు.

జినీవా నగరమున జరిగిన కూటమి

1859 సంవత్సరము జూన్ 24వ తేదీన ఇటలీదేశమునందు సొల్ఫెరీనో అనుచోట ఒక ఘోరయుద్ధము జరిగెను. ఒక ప్రక్క ఫ్రాన్సు, సార్డీనియా సేనలు. వేఱొక ప్రక్క ఆస్ట్రియా సేన. ఒక్క దినమున చచ్చినవారును గాయపడినవారును కలిసి సుమారు 40 వేలమంది. స్విట్జర్లాండుదేశమునందలి జినీవా నగరమునకు చెందిన హెన్రీ డ్యూనాంటు అను వర్తకుడు తన సొంత పనిమీద ఆ ప్రాంతమునకు వచ్చి ఈ దృశ్యమును చూచెను. సమీపమున నున్న కాస్టిలియోనె అను చిన్నపట్టణమునందలి స్త్రీలు తమ దేవాలయములను, ఇండ్లను తెఱచి, గాయపడినవాడు ఏ సేనవాడని అడుగక, అందఱికిని నీళ్ళు పోసి, పుండ్లు కడిగి, కట్లు కట్టిరి.

ఆ స్త్రీలకు దయకు కొదవ లేదు. కాని గుడ్డలు చాలలేదు, మందులు చాలలేదు, ఎవరు ఏ పని చేయవలెనో ముందుగా నిర్ణయింపబడలేదు. దయ గలచోట కూడ ఏర్పాటు లేనందున అనేకులు మరణించిరి. ఈ సంగతిని డ్యూనాంటు మఱవలేదు. 1862లో ఆయన తాను చూచినదానిని గ్రంథముగా వ్రాసి, సొంత వ్యయముతో ముద్రించి, రాజులకును మంత్రులకును పంపెను. శాంతికాలముననే ప్రతి దేశమునందును సేవాసంఘములను ఏర్పఱచి, సేవకులకు పని నేర్పి యుంచవలెననియు, గాయపడినవారిని శత్రువులుగా చూడరాదని దేశములు ఒడంబడిక చేసికొనవలెననియు ఆయన కోరెను.

జినీవాలోనే ఐదుగురు పౌరులు దీనిని విచారించుటకు 1863 ఫిబ్రవరిలో ఒక సంఘముగా కూడిరి. వారిలో న్యాయవాది మొయినియే, సేనాపతి డ్యుఫూరు, వైద్యులైన అప్పియా, మొన్వారు, అయిదవవాడుగా డ్యూనాంటు. ఆ సంవత్సరము అక్టోబరు 26 మొదలు 29 వఱకు వీరు పిలిచిన సభకు 16 దేశములనుండి ప్రతినిధులు వచ్చిరి. సభలో కూర్చున్నవారు మొత్తము 36 మందియే. వారు చేసిన తీర్మానములనుండి రెడ్డుక్రాసు పుట్టెను. తెల్లనిగుడ్డపై ఎఱ్ఱని శిలువ గుర్తు గల పట్టీని సేవకులు చేతికి కట్టుకొనవలెనని నిర్ణయించినదియు ఆ సభయే. మఱుసటి సంవత్సరము ఆగస్టు 22వ తేదీన 12 రాజ్యములు మొదటి జినీవా ఒడంబడికపై సంతకములు చేసెను.

ఈ కథనుండి మనము గ్రహింపవలసిన మొదటి నీతి యిది: ఆపద వచ్చినపుడు పుట్టు దయ మంచిదే. అయినను ఆపద రాకమునుపే చేసికొనిన ఏర్పాటు దానికి తోడు కావలెను. ఏర్పాటు లేని దయ, చేద లేని బావివంటిది. నీరున్నను దప్పిక తీరదు.

ధాత కఱవు

యుద్ధమునకు ఫిరంగుల చప్పుడున్నది. అది దూరమువారికిని వినబడును. ఆకలికి చప్పుడు లేదు. మన తాతముత్తాతలు చెప్పుకొనిన ధాత కఱవు అట్టిది. ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో, దక్షిణదేశమున వానలు తప్పెను. చెన్నపురి రాజధాని, మైసూరు, బొంబాయి రాజధాని, హైదరాబాదు సంస్థానములయందు పంటలు ఎండిపోయెను. 1878 వఱకు ఆ క్షామపు బాధ తీరలేదు. బ్రిటిషు పాలనలోని ప్రాంతములలోనే 55 లక్షలమంది మరణించియుందురని చరిత్రకారుల అంచనా.

విద్యార్థులారా! ఈ మరణములకు వాన లేమి ఒక్కటియే కారణమని తలంచరాదు. దేశమున ధాన్యము బొత్తిగా లేకపోలేదు. ఆ కాలముననే లక్షల టన్నుల గోధుమలు ఈ దేశమునుండి ఓడలలో ఇంగ్లండునకు ఎగుమతి యయ్యెను. రైలుమార్గములు కఱవుసీమకు ధాన్యము తెచ్చిన మాట నిజమే. అవియే ధరలు హెచ్చుగా నున్నచోటికి ధాన్యమును తరలించుటకును ఉపయోగించెను. పంట పోయిన రైతునకు చేతిలో రూక లేదు. పొలమున పని లేనందున కూలివానికి కూలి లేదు. నేతపనివాని బట్టను కొనువాడు లేడు. అంగడిలో గింజ యున్నను కొనలేక చచ్చినవారు అనేకులు. 1877 జనవరి 1వ తేదీన విక్టోరియా రాణిని హిందూదేశ చక్రవర్తినిగా ప్రకటించుటకు రాజప్రతినిధి లిట్టను ప్రభువు ఢిల్లీలో గొప్ప దర్బారు జరిపించెను. అదే సమయమున చెన్నపురి రాజధానిలో జనులు కూటికొఱకు ఊళ్ళు విడిచి పోవుచుండిరి.

చెన్నపట్టణమునుండి లండనునకు తంతివార్త

1877 ఆగస్టు మొదటి వారమున చెన్నపట్టణమునందు పురప్రముఖుల బహిరంగసభ జరిగెను. చెన్నపురి గవర్నరైన బకింగుహాము ప్రభువు దానికి అధ్యక్షుడు. దొరతనము చేయు పని చాలుట లేదనియు, ప్రజల ధర్మసహాయము కావలెననియు ఆ సభ తీర్మానించి, లండను నగరాధ్యక్షుడగు లార్డుమేయరునకు తంతివార్త పంపెను. సముద్రగర్భమున వేసిన తంతి 1870లో ఇంగ్లండునుండి మన దేశమునకు వచ్చి చేరియుండెను. కావున పూర్వము నెలలు పట్టు వార్త కొన్ని గంటలలో లండను చేరెను.

లార్డుమేయరు తన అధికారమందిరమగు మ్యాన్షనుహౌసు పేర చందాలు పోగుచేయనారంభించెను. ఇంగ్లండునందలి అనేక నగరములు వేఱువేఱుగా సంఘము లేర్పఱచుకొని సొమ్ము పంపెను. ఆస్ట్రేలియా, న్యూజిలాండు ప్రాంతములనుండియు చందాలు వచ్చెను. మనవలె ఎన్నడును కఱవు నెఱుగనివారే సొమ్ము పంపిరని తలంపకుడు. నూలు మిల్లులకు ప్రసిద్ధికెక్కిన లాంకషైరు సీమవారు ఈ చందాలలో ముఖ్యులు. అమెరికాలో అంతర్యుద్ధము జరిగిన కాలమున, 1861 మొదలుకొని కొన్ని సంవత్సరములు, పత్తి రాక వారి మిల్లులు మూతపడి, వేలకొలది పనివాండ్రు పస్తులుండిరి. అప్పుడు వారిని ఆదుకొనుటకు వచ్చిన చందాలలో హిందూదేశపు నగరములు పంపినవియు కలవు. ఆకలిని చూచినవారికి ఆకలి మాట త్వరగా అర్థమగును.

ఈ నిధి పంపకమును జరిపిన చెన్నపట్టణపు కార్యసంఘమునకు గౌరవ కార్యదర్శి విలియము డిగ్బీ. ఆయన "మద్రాసు టైమ్సు" పత్రికకు సంపాదకుడు. క్షామము తీఱినపిమ్మట ఆ కాలపు వృత్తాంతమును 1878లో రెండు సంపుటములుగా ప్రకటించెను. జిల్లాలలో స్థానికసంఘము లేర్పడెను. వానిలో దొరతనపు ఉద్యోగులు, వర్తకులు, భూస్వాములు, మిషనరీలు సభ్యులుగా నుండిరి. తంతివార్త లండనునకు పోగలదు కాని, ఏ వీథిలో ఏ యింట పొయ్యి వెలుగలేదో లండను ఎఱుగదు. ఆ సంగతి తెలిసినవాడు ఊరివాడే. దూరనగరము సొమ్మునియ్యగా, దగ్గఱవాడు వివరము తెలిపెను. ఈ రెండును కలిసినప్పుడే సాయము పాత్రుని చేరినది.

ఆ నిధిని వినియోగించిన తీరు కూడ గమనింపదగినది. దొరతనము గంజి పోయించుచు, పనులు చేయించుచు కూలి యిచ్చుచుండెను. చందా సొమ్ము ఆ పని అందనిచోటికి పోవలెనని నిర్ణయించిరి. బిచ్చమెత్తుటకు సిగ్గుపడి యింటనే మాడుచున్నవారు, ఘోషాలోని స్త్రీలు, తల్లిదండ్రులు లేని పిల్లలు, వీరికి మొదట సాయము చేసిరి. వానలు కురిసిన తరువాత రైతులకు విత్తనములకును, ఎడ్లకును, ఇంటి కప్పులకును సొమ్మిచ్చిరి. ఇది మిక్కిలి యోచనగల పని. వాన వచ్చిన దినమున కఱవు తీఱదు. విత్తనము తినివేసిన రైతునకు, ఎడ్లను చంపుకొనిన రైతునకు వాన వలన ప్రయోజనమేమి? నేటి గంజితో నేటి ప్రాణము నిలుచును. రేపటి సంవత్సరము నిలుచుటకు విత్తనము కావలెను.

కూలివాని కెంత కూడు?

దానము గొప్పదని చెప్పి ఇంతటితో పాఠమును ముగించినచో సగము సత్యమే చెప్పినవార మగుదుము. మిగిలిన సగము వినుడు.

కఱవుపనులలో కూలికి వచ్చినవారికి ఎంత కూడు పెట్టవలెనను విషయమున ఆనాడు గొప్ప వివాదము జరిగెను. రాజప్రతినిధి పంపిన సర్ రిచర్డు టెంపులు వ్యయమును తగ్గింపవలెనని, దినమెల్ల పాటుపడు మగవానికి ఒక పౌను ధాన్యమును, అనగా సుమారు 450 గ్రాములను, దానితో ఒక అణాను ఏర్పఱచెను. ఆడువారికిని పిల్లలకును ఇంకను తక్కువ. చెన్నపురి రాజధానికి ఆరోగ్యశాఖాధికారిగా నుండిన వైద్యుడు కార్నిషు దీనిని ఎదిరించెను. మట్టి త్రవ్వు మనుష్యునికి పౌనున్నరకు, అనగా 680 గ్రాములకు, తగ్గని ధాన్యమును, పైగా పప్పు, కూరలు మొదలైనవియు కావలెనని ఆయన వాదము. శిబిరములలో మనుష్యులు ఎముకలగూళ్ళై చచ్చుచుండగా ఆయన లెక్కలతో చూపెను. తుదకు 1877 మార్చిలో చెన్నపురి ప్రభుత్వము కొంత తగ్గి, 570 గ్రాముల ధాన్యమును, 43 గ్రాముల పప్పును ఇచ్చుటకు ఒప్పుకొనెను.

ఈ అంకెలను చదువుచున్నపుడు ఇవి వట్టి అంకెలని తలంపరాదు. పిడికెడు గింజల భేదముమీద ఆనాడు మనుష్యుల ప్రాణములు నిలిచినవి, పోయినవి. సభలు చేసి చందా పోగుచేసిన పౌరుల ధర్మము గొప్పదే. అయినను ఒక వైద్యుడు తన కార్యస్థానమునందు కూర్చుండి, పైవారి కోపమునకు వెఱవక, "ఈ కూడు చాలదు" అని లెక్కలతో వాదించుట కూడ ఆపన్నులకు చేసిన సేవయే. చందా యిచ్చి ఊరకుండి, అన్యాయమును చూచియు మాటాడనివాడు సగము సేవకుడు మాత్రమే.

ఇంకొక సంగతి. చందా ఎంత వచ్చినను అది దొరతనము చేయవలసిన పనికి బదులు కానేరదు. ధాత కఱవు నేర్పిన పాఠమువలననే 1880లో క్షామవిచారణసంఘము తన నివేదికను సమర్పించెను. పిమ్మట 1883 మొదలుకొని క్షామనిబంధనలు ఏర్పడెను. కఱవు చిహ్నములు కనబడగానే ఎవరు ఏమి చేయవలెనో, ఏ పనులు తెఱవవలెనో, ఎంత కూలి యియ్యవలెనో ముందుగా వ్రాసిపెట్టుట ఆ నిబంధనల యుద్దేశము. జినీవాసభలో మనము చూచిన నీతియే ఇచ్చటను కనబడుచున్నది.

మన వాకిట నున్న సాక్ష్యము

ఆ కఱవునకు సాక్ష్యముగా నేటికిని మన సీమలో ఒకటి నిలిచియున్నది. అది బకింగుహాము కాలువ. ఇది 1806లో చెన్నపట్టణమునుండి ఎన్నూరు వైపు బేసిలు కాక్రేను అను వర్తకుని సొంతకాలువగా ఆరంభమయ్యెను. తరువాత దొరతనము దానిని తీసికొని, ఉత్తరమునకును దక్షిణమునకును అంచెలంచెలుగా పొడిగించెను. ధాత కఱవునాడు వేలకొలది ఆకలిగొన్న జనులకు పని కల్పించుటకై ఈ కాలువపని విరివిగా సాగెను. ఆనాటి గవర్నరు పేరే దీనికి నిలిచెను. ఉత్తరమున పెదగంజామునుండి దక్షిణమున మరక్కాణము వఱకు దీని నిడివి సుమారు 420 కిలోమీటర్లు. అందు 257 కిలోమీటర్లు ఆంధ్రదేశమున నున్నవి. రైళ్ళును బండ్లును పెరుగకముందు ఉప్పు, వంటచెఱకు, ధాన్యము ఈ కాలువమీద పడవలలో చెన్నపట్టణమునకు పోవుచుండెను.

కాలువ త్రవ్వకములో ఒక భాగమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. అచ్చట అమెరికను బాప్తిస్టు మిషనువాడగు జాను క్లౌ దొర యుండెను. ఆయన యౌవనమున తన దేశమునందు భూమి కొలతల పని నేర్చియున్నవాడు. ఆయన కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి అచ్చట పని కల్పించెను. వారిలో అధికసంఖ్యాకులు మాదిగలు. ఊరి బావిలో నీరు తోడుకొనుటకే అనుమతి లేని ఆ జనులకు కఱవునాడు కష్టము రెట్టింపు. తక్కినచోట్ల పైవిచారణకర్తల తిట్లును దెబ్బలును తినవలసినవారు, ఇచ్చట తమవారే మేస్త్రీలుగా నుండగా పనిచేసిరి.

ఇందు మిక్కిలి గమనింపదగిన విషయ మొకటి కలదు. కఱవుసాయము జరుగుచున్న కాలమున అనేకులు మతమునందు చేరుదుమని వచ్చినను, క్లౌ దొర బాప్తిస్మము లిచ్చుట ఆపివేసెను. కూటికై మతములో చేరిరను మాట వారికి రాకూడదనియు, అన్నము విశ్వాసమునకు వెల కాకూడదనియు ఆయన తలంచెను. సాయము పొందువాడు బలహీనుడై యుండును. ఆ సమయమున వానిని ఏమి కోరినను ఒప్పుకొనును. అట్టివానినుండి ఏమియు కోరకుండుటయే సేవకుని మర్యాద. ఏ మతమువాడైనను, ఏ పక్షమువాడైనను, ఓటు కొఱకైనను, పేరు కొఱకైనను సాయము చేయువానికి ఈ నియమము వర్తించును.

ఇక ఈ కాలువకథ అంతటితో ముగియలేదు. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయమున సుమత్రాదీవి చెంత సముద్రగర్భమున భూకంపము పుట్టి, సునామీ కెరటములు మన తీరమును తాకెను. ఆంధ్రతీరమున నూఱుమందికి పైగా మరణించిరి. పెక్కుచోట్ల పల్లెకారులు వలలను, పడవలను పోగొట్టుకొనిరి. అయితే పెదగంజామునుండి చెన్నపట్టణము వఱకు తీరమునకు సమాంతరముగా పాఱుచున్న బకింగుహాము కాలువ ఆ నీటిని తనలో నింపుకొని, అది లోపలి పల్లెలమీదికి పోకుండ చాలవఱకు అడ్డగించెనని హైదరాబాదునందలి జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞుడు "కరెంటు సైన్సు" పత్రికలో 2005లో వ్రాసెను. కాలువ నిండిన నీరు కొలది నిమిషములలోనే తిరిగి సముద్రమునకు పోయెను.

ఆలోచింపుడు! 127 సంవత్సరములకు ముందు, పిడికెడు గింజలకొఱకు ఎండలో మట్టి మోసిన స్త్రీపురుషుల పేర్లు ఏ రాతిమీదను లేవు. కాలువకు పేరు గవర్నరుది. అయినను వారి చెమట, వారు ఎఱుగని మునిమనుమల ప్రాణములను కాచెను. సాయము పొందినవారే సాయము చేసినవారైరి. ఆపన్నుడు ఎల్లప్పుడును చేయి చాచువాడని తలంచుట తప్పు. వానికి పనియు, తగిన కూలియు, మర్యాదయు దొరకినచో, వాని చేతినుండియే లోకమునకు మేలు జరుగును.

పిమ్మటి కాలము

మన దేశమున రెడ్డుక్రాసు సంఘము 1920లో చట్టముమూలమున స్థాపింపబడెను. జినీవాలో పుట్టిన ఆలోచన ఈ విధముగా మన జిల్లాలకును వచ్చెను. యుద్ధగాయములకొఱకు పుట్టిన సంఘము కాలక్రమమున రక్తనిధులు, తుపాను సహాయము, ప్రథమచికిత్స మొదలైన పనులను చేపట్టెను. నెల్లూరునందలి రెడ్డుక్రాసుశాఖ రక్తనిధిని, కాన్సరు ఆసుపత్రిని నడుపుచున్నది.

1977 నవంబరు 19వ తేదీన కృష్ణాజిల్లా దివిసీమను ఉప్పెన ముంచెను. సుమారు పదివేలమంది మరణించిరి. అప్పుడు తెలుగుదేశపు పట్టణములనుండియేగాక ఇతర రాష్ట్రములనుండియు, విదేశములనుండియు సేవకులును సంఘములును వచ్చి, శవములను తొలగించుట, అన్నము వండిపెట్టుట, ఇండ్లు కట్టించుట మున్నగు పనులు చేసిరి. 1984 నవంబరునందు శ్రీహరికోట ప్రాంతమున తీరము దాటిన పెనుతుపాను మన నెల్లూరు జిల్లాలో వందలకొలది ప్రాణములను తీసికొనెను. ఈ ఉత్పాతముల తరువాత తీరమున తుపాను రక్షణగృహములు వెలసెను. ముందుగా హెచ్చరించి జనులను తరలించు పద్ధతి బలపడెను. తరువాతి తుపానులలో మరణములు మిక్కిలి తగ్గుటకు ఇదియే కారణము. దయ తరువాత వచ్చి శవములను మోయును. ఏర్పాటు ముందుగా వచ్చి ప్రాణములను మోయును.

మనము చేయదగినది

విద్యార్థులారా! పెద్దనగరములలో జరుగు అంతర్జాతీయ సభలకు మనము పోనక్కఱలేదు. అట్టి సభలు ఎంత గొప్పవైనను, తుదకు వాని ఫలము ఒక ఊరిలో, ఒక వీథిలో, ఒక గడపకడ తేలవలసినదే. ఆ గడపను ఎఱిగినవారు మీరు.

మీ వీథిలో నడువలేని వృద్ధులు ఎందఱు? గాలివాన వచ్చినచో మొదట ఎవరిని తరలింపవలెను? చూలాండ్రు, పసిపిల్లల తల్లులు ఎచ్చట నున్నారు? గట్టి కప్పుగల యిల్లు ఏది? ఉప్పునీరు చేరని బావి ఏది? ఈ వివరములను ఒక పుస్తకమునందు వ్రాసి, ప్రతి సంవత్సరము ఆశ్వయుజమాసము రాకముందే సరిచూచి, ఊరిపెద్దలకును ఉపాధ్యాయులకును అందఱికిని తెలియునట్లు ఉంచుడు. రక్తము కాఱుచున్నపుడు కట్టు కట్టుటయు, నీట మునిగినవానికి ఊపిరి తెప్పించుటయు, తెలిసినవారియొద్ద నేర్చుకొనుడు. చందా పోగుచేసినచో ప్రతి కాసునకును లెక్క వ్రాసి, నలుగురి యెదుట చదువుడు. సాయము పొందినవాని పేరును, మొగమును ఊరెల్ల చాటకుడు. మీరు ఇచ్చినది వాని అవసరమునకు చాలినదో లేదో వానినే అడుగుడు. చాలనిచో, దానిని తీర్చవలసిన అధికారికి వినయముతోను, ధైర్యముతోను తెలుపుడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు పొరుగువారి పనికి పోయినపుడు "నీ కెందుకురా ఆ పని" అని వారింపకుడు. చదువు చెడునని భయపడకుడు. పుస్తకమున నేర్చిన లెక్క, పొరుగింటి బియ్యపుకుండలో ఎన్ని దినములకు గింజలున్నవో తెలిసికొనుటకు ఉపయోగపడిననాడే అది విద్య యగును.

విద్యార్థులు ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. కాస్టిలియోనె స్త్రీలకు దయ యుండియు ఏల అనేకుల ప్రాణములు పోయినవి?

2. కఱవునాడు అంగడిలో ధాన్యముండియు జనులు ఏల మరణించిరి?

3. వాన కురిసిన తరువాత కూడ విత్తనములకును ఎడ్లకును సొమ్మిచ్చుట ఏల అవసరమయ్యెను?

4. 450 గ్రాముల కూటికిని 680 గ్రాముల కూటికిని గల భేదము దినమునకు 230 గ్రాములు. వేయిమంది పనిచేయు శిబిరమునకు ఒక నెలలో ఈ భేదము ఎన్ని కిలోగ్రాములగును? ఆ ధాన్యమును మిగిల్చినవారు ఏమి పోగొట్టిరి?

5. బకింగుహాము కాలువను త్రవ్వినవారు సాయము పొందినవారా, సాయము చేసినవారా? మీ యింటి పెద్దలతో మాటాడి జవాబు వ్రాయుడు.